దరువు వేసిందెవరు?

కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కున పాట విడుదల కాని వారం లేదు. ఆ పాటను మోసిన జట్టు మాత్రం తెరమీదికి రావడం లేదు.

ప్రపంచంలో పెద్ద సంగీత కంపెనీలన్నీ కొత్త ఆల్బమ్‌లను శుక్రవారమే విడుదల చేస్తాయి. 2015 జూలై 10 నుంచి నడుస్తున్న కట్టుబాటు ఇది. అంతకుముందు బ్రిటన్‌లో సోమవారం, అమెరికాలో మంగళవారం ఉండేది. రాక్ బ్యాండ్ల అభిమానులు తమకు నచ్చిన బ్యాండ్ కొత్త రికార్డు ఎప్పుడొస్తుందా అని శుక్రవారాలు లెక్కపెట్టుకుంటారు.

కరీంనగర్ పాటకు ఆ లెక్క పట్టదు. పెత్రమాస ఇంకా రెండు మూడు వారాలుందనగానే బతుకమ్మ పాటల పోస్టర్లు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. ఆషాఢానికి బోనాల పాట దిగుతుంది. శివరాత్రికి ముందు వేములవాడ రాజన్న పాట, మేడారం జాతర జరిగే ఏడాదైతే సమ్మక్క పాట, లగ్గాల దినాల్లో బరాత్ పాట. పండుగా జాతరా లేని నెలల్లో ప్రేమలో దెబ్బతిన్నవాళ్ల పాటలు వస్తాయి. వాటికి సీజన్ లేదు, ఏడాది పొడుగూ వింటారు. ముందు పోస్టర్, తర్వాత ప్రోమో, ఆ తర్వాత ఫుల్ సాంగ్, అది నాలుగు రోజులు నిలబడితే డీజే వెర్షన్. మానేరు డ్యాం కట్ట మీదో, వరి పొలం గట్టు మీదో, పాత పెంకుటింటి అర్రల ముందో షూటింగ్ జరుగుతుంది. పైన డ్రోన్ తిరుగుతుంటుంది.

సినిమాతో సంబంధం లేని ఈ ప్రైవేటు పాటల బలం ఎంతో 2021లో దేశమంతా చూసింది. మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు పెళ్లికొడుకు ముందు ‘బుల్లెట్టు బండి’ పాటకు ఆడిన వీడియో ఊరు దాటి, రాష్ట్రం దాటి వెళ్లిపోయింది. ఆ పాట లక్ష్మణ్ రాశారు, ఎస్.కె. బాజీ స్వరపరిచారు, మోహన భోగరాజు పాడారు. ఏ సినిమాలోనూ లేని పాట అది. పెద్ద హీరో లేడు, ఆడియో ఫంక్షన్ లేదు. ఆ తర్వాత మా దిక్కు బరాత్‌లో ఆ పాట మోగని పెళ్లి చూడటం కష్టమైంది.

ఇదంతా నాకు సంతోషమే. ఊరి యాస, ఊరి ముచ్చట ఎవరి దయా లేకుండా లక్షల మందికి చేరడం చిన్న విషయం కాదు. అయితే ఈసారి ఏదైనా పాట విన్నాక కింద ఉన్న వివరాలు తెరిచి చదవండి. రచన, గానం, సంగీతం, దర్శకత్వం, నటీనటులు, కెమెరా, ఎడిటింగ్, పోస్టర్ డిజైన్, అన్నీ ఉంటాయి. డ్రోన్ ఎగరేసిన పిల్లగాని పేరు కూడా ఉంటుంది. డప్పు కొట్టిందెవరు, డోలు ఎవరిది అన్నది చాలా పాటల్లో కనబడదు. ఒక్కోసారి పేరు రాయడం మరిచిపోయి ఉంటారు. ఎక్కువసార్లు అసలు కొట్టిన మనిషే ఉండడు. ఆ దరువు కీబోర్డులోంచి వచ్చి ఉంటుంది. నా బాధంతా అక్కడే.

ఎవరినీ అడగకుండా

1977 జనవరిలో మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ అనే పంక్ బ్యాండ్ తెలిసినవాళ్ల దగ్గర 500 పౌండ్లు అప్పు చేసి నాలుగు పాటల రికార్డు తామే వేసుకుంది. దాని పేరు స్పైరల్ స్క్రాచ్. మొదట వేసినవి వెయ్యి కాపీలు. లండన్‌లోని ఏ కంపెనీ గడపా తొక్కలేదు. ఆ రికార్డు అట్ట మీద ఒక ముచ్చటైన సంగతి ఉంది. ఏ పాట ఎన్నో టేక్‌లో కుదిరిందో, పైనుంచి ఇంకేమైనా అతికించారో లేదో అచ్చువేశారు. ఇది మేం ఇట్లా చేశాం, మీరూ చేసుకోవచ్చు అని కొనుక్కున్నవాళ్లకు చెప్పినట్టు.

పంక్ గురించి మనదాకా ఎక్కువగా చేరింది నిక్కబొడుచుకున్న జుట్టు, చిరిగిన చొక్కా. దాని అసలు బలం ఆ వెయ్యి కాపీల్లో ఉంది. న్యూయార్క్‌లో రమోన్స్ 1976లో తమ మొదటి ఆల్బమ్‌ను సుమారు 6,400 డాలర్లతో ముగించారు. పెద్ద పెద్ద రాక్ బ్యాండ్లు ఒక్క ఆల్బమ్‌కు నెలల తరబడి స్టూడియోల్లో కూర్చుంటున్న కాలమది. గిటార్ మీద మూడు పట్లు వస్తే చాలు, నలుగురు కలిస్తే చాలు, చెప్పాల్సింది గుండెల్లో ఉంటే చాలు అని ఆ పిల్లలు నమ్మారు.

1978 ఏప్రిల్ 30న లండన్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా వేలాది మంది ఊరేగింపుగా నడిచి విక్టోరియా పార్కు చేరితే, అక్కడ క్లాష్ బ్యాండ్ పాడింది. అదే ఏడాది సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలాది మంది రైతు కూలీలు జైత్రయాత్ర తీశారు. అక్టోబర్‌లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. లండన్ వాళ్లకు జగిత్యాల తెలియదు, జగిత్యాల వాళ్లకు క్లాష్ తెలియదు. కానీ రెండు చోట్లా కడుపు మండినవాళ్లు మైకు కోసం ఎదురుచూడకుండా పాట ఎత్తుకున్నారు. అదే ఏడాది జగిత్యాల ఫోటోగ్రాఫర్ అలిశెట్టి ప్రభాకర్ తొలి కవితా సంపుటి ‘ఎర్ర పావురాలు’ వచ్చింది. తర్వాత కరీంనగర్‌లో శిల్పి స్టూడియో నడిపిన ఆయన బొమ్మను, కవితను ఒకే అట్ట మీదికి తెచ్చి జనం మధ్య ప్రదర్శనకు పెట్టారు. లండన్ పంక్ పిల్లలు గోడల మీద అంటించిన పోస్టర్లను పుస్తకాల్లో చూసినప్పుడల్లా నాకు ఆయనే యాదికొస్తారు.

1972లో మొదలైన జననాట్యమండలి పాటలు మొదట నోటి నుంచి నోటికి, తర్వాత చిన్న చిన్న పాటల పుస్తకాల్లో, ఆ తర్వాత క్యాసెట్లలో ఈ జిల్లాలంతటా తిరిగాయి. రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డర్ ఒక్కటి ఉంటే చాలు, ఊరికో కాపీ తయారయ్యేది. కాపీకి కాపీ తీసీ తీసీ చివరికి గొంతు వెనక సర్రుమనే చప్పుడే ఎక్కువ వినబడేది. అయినా విన్నారు. ఇంట్లో ఆ క్యాసెట్ దొరికితే పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సిన రోజులవి. ఆ క్యాసెట్లలో వినబడేది ఒక్క గొంతు కాదు. ఎత్తుకునే గొంతు, అందుకునే గొంతులు, గజ్జెలు, డప్పు, డోలక్. గద్దర్ పేరు ముందుండేది, జట్టు మొత్తం వెనక నిలబడేది. బ్యాండ్ అంటే నాకు తెలిసినంతలో అదే.

పాట పోయింది, పేరు పోలేదు

‘ఊరు మనదిరా’ ఎవరిదని అడిగితే ఇప్పటికీ చాలామంది గద్దర్‌దని అంటారు. రాసింది గూడ అంజయ్య. మంచిర్యాల జిల్లాలో, ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, దండేపల్లి మండలం లింగాపూర్ ఆయన ఊరు. 1955లో పుట్టారు. సర్కారు దవాఖానలో ఫార్మసిస్టుగా పనిచేశారు. సర్కారు దవాఖానకు రానని మొండికేసే పాట రాసిందీ ఆయనే. తాను రోజూ పనిచేసే చోటును, తాను తినే జీతం ఇచ్చే వ్యవస్థను ముఖం మీద నిలదీసిన పాట అది. ఇంతకంటే పంక్ అయిన పని ఏ దేశంలో ఎవరు చేశారో నాకు తెలియదు. ‘ఊరు మనదిరా’ పదహారు భాషల్లోకి వెళ్లిందంటారు. 2016 జూన్ 21న ఆయన పోయారు. పాట రచయిత చేయి దాటి జనంలో కలిసిపోవడం గొప్పే. కానీ అది కలిసిపోయిందని రచయిత పేరు చెరిపేసే హక్కు మనకు రాదు.

పాట జనానిదే అన్న మాటను అడ్డంపెట్టుకొని పేర్లు ఎగ్గొట్టడం ఈ మధ్య ఎక్కువైంది. 2021లో ‘సారంగదరియా’ సినిమాలోకి వెళ్లినప్పుడు, దాన్ని ఊరి నుంచి సేకరించి టీవీలో పాడిన గాయని తనకు దక్కాల్సిన గుర్తింపు గురించి మాట్లాడాల్సి వచ్చింది. పెద్ద గొడవే నడిచి సర్దుబాటైంది. సినిమా దాకా పోయింది కాబట్టి మనకు తెలిసింది. అమ్మమ్మ పాడిన నాటు పాటకు నాలుగు చరణాలు కలిపి, యూట్యూబ్‌లో పెట్టి, మొత్తం తమదేనని హక్కు నమోదు చేసుకుంటే, రేపు అదే పాట ఇంకో ఊరి పిల్ల పాడి పెట్టిన రోజున ఆమె వీడియో మీదికి హక్కుల నోటీసు వస్తుంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ గట్టిపడింది. పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు ప్రదర్శకులుగా హక్కులున్నాయని అదే చట్టం చెబుతోంది. కానీ కాగితం మీద పేరే లేని డప్పు కళాకారుడు ఏ చట్టం పట్టుకొని ఏమని అడుగుతాడు?

చిర్ర, సిటికెన పుల్ల

డప్పు ఎందుకు రికార్డింగ్ గదికి దూరమైందో తెలియాలంటే దాన్ని దగ్గరగా చూడాలి. గుండ్రటి చెక్క చట్రానికి తోలు సాగదీసి, చింతగింజల జిగురుతో అతికిస్తారు. కొట్టేముందు గడ్డి మంట దగ్గర కాపుతారు. తోలు బిగిసేదాకా తిప్పుతూ, మధ్య మధ్య వేలితో మీటి చూస్తారు. కుడి చేతిలో పొట్టిగా లావుగా చిర్ర, ఎడమ చేతిలో సన్నగా పొడుగ్గా సిటికెన పుల్ల. చిర్ర దెబ్బ గుండెకు తగులుతుంది, సిటికెన పుల్ల దాని సందుల్లో గలగలా నింపుతుంది. ఈ రెండో పుల్ల చేసే పనే కీబోర్డు లూపుల్లో దొరకదు. ప్రతి చుట్టుకూ కొంచెం మారుతుంది అది. ఎదుట ఆడేవాళ్ల కాళ్లు చూసి మారుతుంది.

ఇప్పుడు దీన్ని ఏసీ గదిలోకి తీసుకుపోండి. లోపల మంట పెట్టలేరు. బయట కాపుకొచ్చిన డప్పు రెండు టేకులయ్యేసరికి చల్లబడి దిగిపోతుంది. మళ్లీ బయటికి పోవాలి, మళ్లీ కాపాలి. గంట లెక్కన అద్దె కట్టే ప్రొడ్యూసర్ గడియారం చూసుకుంటాడు. చిన్న గదిలో నాలుగు డప్పులు ఒక్కసారి మోగితే మైకు తట్టుకోదు, దూరం పెడితే గది అంతా గుయ్యిమంటుంది. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. చిన్న బడ్జెట్‌తో అప్పో సప్పో చేసి పాట తీస్తున్న పిల్లలను నేను తప్పుపట్టను. నలుగురు కళాకారులకు కూలి, బస్సు కిరాయి, తిండి లెక్క వేసుకుంటే కీబోర్డులోని దరువు చౌక.

ఒగ్గు డోలుతో ఇంకో చిక్కు ఉంది. వేములవాడ దగ్గరి హన్మాజీపేట వాడైన మిద్దె రాములు ఒగ్గుకథ చెప్పిన తీరు విన్నవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఒగ్గుకథలో డోలు ఒక్క వేగంతో నడవదు. కథలో బీరప్ప పుట్టుక దగ్గర మెల్లగా, యుద్ధం దగ్గర ఉరుకుతూ, పూనకం దగ్గర ఊపిరాడకుండా సాగుతుంది. ఎప్పుడు పెంచాలో కథకుని భుజం చూసి డోలు కళాకారులకు తెలిసిపోతుంది. స్టూడియోలో మాత్రం చెవిలో టిక్కు టిక్కుమని క్లిక్ పెడతారు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకటే వేగం. అట్లా ఉంటేనే తర్వాత ముక్కలు కోసి అతికించడానికి, డీజే వెర్షన్ చేయడానికి వీలు. ముప్పై ఏళ్లు డోలు కొట్టిన మనిషిని ఆ టిక్కు వెంట నడవమంటే తడబడతాడు. అప్పుడు, ఆయనకు రికార్డింగ్ రాదు అని పక్కనపెడతారు. వేగం పెంచుకుంటూ పోవడమే ఆయన విద్య. దాన్ని తప్పుగా లెక్కగడుతున్నది మనం.

రాక్ వాళ్లకూ ఈ చిక్కు వచ్చింది. వాళ్లలో కొందరు మొండికేశారు. 2024 మే నెలలో కన్నుమూసిన స్టీవ్ ఆల్బినీ అనే అమెరికా రికార్డిస్టు, బ్యాండ్ మొత్తాన్ని ఒకే చోట నిలబెట్టి, వాళ్లు వాయించింది వాయించినట్టు టేపులోకి ఎక్కించేవారు. 1993లో వచ్చిన నిర్వాణా బ్యాండ్ ‘ఇన్ యుటిరో’ అట్లా చేసిందే. దానికి ఆయన రాయల్టీ వద్దన్నారు. నల్లాలు బాగుచేసే మనిషికి ఇచ్చినట్టు పనికి తగ్గ కూలి ఇవ్వండి, బ్యాండ్ సొమ్ములో వాటా తీసుకోను అని వాళ్లకు ముందే ఉత్తరం రాశారు. ఆ ఆల్బమ్ లక్షల కాపీలు అమ్ముడుపోతుందని తెలిసీ ఆ మాట రాశారు. మన స్టూడియోల్లో అంత పెద్ద గది లేకపోవచ్చు. కానీ గ్రహించాల్సింది గది వైశాల్యం కాదు. ముందు మనుషులను కూర్చోబెట్టుకొని, వాళ్ల వేగానికి మిషన్‌ను నడిపించాలి.

బొగ్గు ఊళ్ల గొంతు

2025 జూలై 5న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ తమ చివరి కచేరీ చేసింది. పదిహేడు రోజులకే, జూలై 22న, గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ పోయారు. హెవీ మెటల్ అని ప్రపంచం పిలిచే ఆ బరువైన మోత ఒక ఫ్యాక్టరీ ప్రమాదంతో ముడిపడి ఉంది. గిటార్ వాయించే టోనీ అయోమీకి పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. కొసలకు తానే తొడుగులు చేసుకున్నాడు. తర్వాత తీగలను వదులు చేసి శ్రుతి కిందికి దించాడు. ఆ దిగిన శ్రుతి నుంచే ఆ మోత లోతుగా, బరువుగా పలికింది.

గోదావరిఖనిలో పెరిగినవాళ్లకు ఇది దూరపు కథ అనిపించదు. ఒకవైపు బొగ్గు బాయిలు, ఇంకోవైపు రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు, మూడు షిఫ్టులకు మోగే సైరన్లు. బాయి దిగి తట్ట చెమ్మస్ పట్టిన మనుషుల ఇళ్లలోంచి ఎన్ని పాటలు వచ్చాయో లెక్కలేదు. ఆడపిల్ల పుట్టుక గురించి చిన్న వయసులోనే పాడి తెలుగు వాళ్లందరికీ తెలిసిన మధుప్రియది ఈ ఊరే. ఆ గొంతులో మెత్తదనం కోసం ఎవరూ వెతకలేదు. సూటిగా వచ్చి తగలడమే దాని అందం.

2024 డిసెంబర్‌లో ‘సంక్రాంతికి వస్తున్నాం’ సినిమా నుంచి ‘గోదారి గట్టు’ పాట వచ్చినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. భీమ్స్ సిసిరోలియో సంగీతం, భాస్కరభట్ల సాహిత్యం. పాడింది రమణ గోగుల, మధుప్రియ. రమణ గోగులను ఇప్పటి పిల్లలకు పరిచయం చేయాలేమో. 1990ల్లో సినిమాకు రాకముందే మిస్టీ రిథమ్స్ పేరుతో ‘ఆయే లైలా’ ఆల్బమ్ చేసినవారు. తర్వాత ‘తమ్ముడు’, ‘బద్రి’ పాటలతో రాక్ గిటార్‌ను తెలుగు పల్లెల ఆటోల దాకా తెచ్చారు. ఆయన గరగరలాడే గొంతు చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వినబడిన పాటలో పక్కన నిలబడింది గోదావరిఖని గొంతు. ఈ ఇద్దరినీ సినిమా కలిపింది కానీ, సినిమా లేకుండా కలిసి ఒక ఆల్బమ్ ఎందుకు చేయకూడదు అని ఆ పాట విన్న ప్రతిసారీ అనిపిస్తుంది.

ఊరి పేరే బ్యాండ్ పేరు

ఆదిలాబాద్ అడవిలో జట్టు ఇంకా చెక్కుచెదరలేదు. దీపావళికి ముందు గోండు గూడేల్లో దండారి మొదలవుతుంది. దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున, పద్మల్‌పురి కాకో దగ్గర మొక్కుకొని బయల్దేరే జట్లు ఎన్నో. గూడ అంజయ్య ఊరు ఉన్నదీ ఆ మండలంలోనే. నెమలీకల టోపీ పెట్టి, ఒళ్లంతా బూడిద పూసుకున్న గుస్సాడీలు ముందు నడుస్తుంటే వెనక డోలు, తుడుం, పెప్రె, కాలికోం మోగుతాయి. ఒక గూడెం జట్టు ఇంకో గూడెం పోతుంది. అక్కడ వాళ్లు కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, రాత్రంతా ఆట చూస్తారు. పండుగ అయ్యాక కోలబోడితో ముగిస్తారు. ఏ జట్టు వచ్చిందని అడిగితే ఎవరో ఒక గాయకుని పేరు చెప్పరు, గూడెం పేరు చెబుతారు. రాక్ బ్యాండ్లు ఊరూరా తిరిగే టూరు గురించి విదేశీ పత్రికల్లో చదువుతుంటాం. మన పక్కనే ప్రతి ఏడూ నడిచే టూరు ఇది. టికెట్ లేదు.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం మార్లవాయి వాసి కనకరాజు జీవితమంతా గుస్సాడీ నేర్పారు. 2021లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఆ గూడేల్లో చేసుకున్న సంబురం ఒక్క మనిషిది కాదు. 2024 అక్టోబర్ 25న, దండారి నడిచే రోజుల్లోనే, ఆయన కన్నుమూశారు. ప్రధాన్‌లు వాయించే కీక్రి అనే తీగవాద్యం, దాని వెంట నడిచే గోండు వంశగాథలు ఇప్పటికీ కేస్లాపూర్ నాగోబా జాతరలో వినొచ్చు. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండిలో కార్యక్రమాలు ప్రసారం చేస్తూ వచ్చింది. ఇప్పుడు గోండి కుర్రాళ్లు సొంతంగా పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. వాటిలో చాలావాటికి కరీంనగర్ పాటల కీబోర్డే వెనక మోగుతోంది. తుడుం ఇంటి చూరుకు వేలాడుతుండగా కంప్యూటర్‌లో దొరికిన చప్పుడు తెచ్చుకోవాల్సిన అవసరం వాళ్లకు ఎందుకొచ్చిందో మనం ఆలోచించాలి. చేసే విధానం మన దగ్గర్నుంచే చూసి నేర్చుకున్నారు మరి.

కలిపినవాళ్లు

చెన్నైలో 2017లో పా. రంజిత్, టెన్మా కలిసి ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ అనే బ్యాండ్ పెట్టారు. పందొమ్మిది మంది. సావు ఇళ్లలో, వాడల్లో పాడే గానా పాట, పక్కన రాప్, పక్కన రాక్ గిటార్. 2018 జనవరి 6న మొదటి కచేరీ. కులం పేరుతో దూరం పెట్టిన పాటను వేదిక మధ్యకు తెచ్చారు. మనకూ డప్పుతో ఆ చరిత్ర ఉంది. డప్పు కొట్టడాన్ని అవమానంగా చూసిన ఊళ్లలోనే 1994 నుంచి దండోరా ఉద్యమం ఆ డప్పునే భుజానికెత్తి తిరిగింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం తెలంగాణ అంతటా డప్పును, గజ్జెను పెద్ద వేదికల మీదికి ఎక్కించింది. వాద్యం గౌరవం పెరిగింది. వాయించేవాళ్ల పేర్లు మాత్రం అప్పుడూ పెద్దగా బయటికి రాలేదు.

హైదరాబాద్ బ్యాండ్లలో చౌరస్తా నాకు ఇష్టమైంది. రెగ్గే లయను తెలుగు మాటతో, జానపదపు విరుపుతో కలిపారు. అందులోంచి వచ్చిన రామ్ మిర్యాల తర్వాత ‘డీజే టిల్లు’ పాటతో ఇంటింటికీ తెలిశారు. బ్యాండ్‌లోంచి వచ్చినవాడు కాబట్టి ఆయన పాటలో వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నట్టుంటాయి. ఇంకో చివరన గాడ్‌లెస్ ఉంది. 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమ్ తెచ్చిన డెత్ మెటల్ బ్యాండ్. ఆ డ్రమ్ముల ఉరుకుడు వింటే యుద్ధఘట్టంలో ఒగ్గు డోళ్లు గుర్తుకొచ్చాయి. ఆ బ్యాండ్ పిల్లలు ఎప్పుడైనా కొమురవెల్లి జాతరలో ఒక పూట నిలబడి పట్నం వేసేటప్పుడు మోగే డోళ్లు వింటే బాగుండుననిపిస్తుంది.

నేను వినాలనుకుంటున్న ఆల్బమ్

ఎనిమిది పాటలు. స్టూడియో అద్దెకు పైసలు లేకపోతే మూఢాల్లో చేద్దాం. లగ్గాలు లేని ఆ రోజుల్లో మండలానికో ఫంక్షన్ హాల్ ఖాళీగా ఉంటుంది. పైకప్పు ఎత్తు, గోడలకు పరదాలు కడితే మోత అదుపులో ఉంటుంది, పక్కనే వంటలు చేసే ఖాళీ జాగాలో డప్పులు కాపుకోవచ్చు. క్లిక్ పెట్టొద్దు. అందరూ ఒకరి ముఖాలు ఒకరికి కనబడేటట్టు గుండ్రంగా కూర్చోవాలి.

మొదటి పాటలో మాటలే వద్దు. ఐదు డప్పులు, పెండ్లి దరువుతో మొదలై జాతర దరువులోకి పోవాలి. రెండోది ఒగ్గు డోళ్లు, వాటి వెంట ఒక బేస్ గిటార్. డోలు ఎంత ఉరికితే గిటార్ అంత ఉరకాలి, డోలును గిటార్ లాగొద్దు. మూడోది సిరిసిల్లలో చేయాలి. సాంచాలు నడిచే షెడ్డులో ఒక్క మైకు పెట్టి ఆ టకటకను పాట పొడుగూ తాళంగా వాడుకోవాలి. దాని మీద గిటార్ మోత ఎక్కిస్తే బర్మింగ్‌హామ్ వాళ్లు కూడా చెవి ఒగ్గి వింటారు. నాలుగోది బీడీలు చుట్టే అక్కలది. వాళ్లు పని చేస్తూ పాడుకునే తీరులోనే, ఆకు కత్తిరించే కత్తెర చప్పుడుతో సహా. ఐదోది గోదావరిఖని పిల్లలు రాసుకొని పాడాలి, ఓపెన్ కాస్ట్ కింద పోయిన ఊళ్ల మీద. ఆరోది గోండిలో. తుడుం, పెప్రె, కాలికోం, కీక్రి. మాట, బాణీ, హక్కు, పైసలు, అన్నీ ఆ గూడెం జట్టువే. మనం మైకు మోసుకుపోయి, పెట్టి, నోరు మూసుకొని కూర్చోవాలి. ఏడోది గూడ అంజయ్య యాదిలో ఒక కొత్త పాట, ఇప్పటి దవాఖాన మీద, ఇప్పటి బడి మీద, ఇప్పటి బస్సు మీద. ఎనిమిదోది అందరూ కలిసి, ఎవరికి తోచింది వాళ్లు కొడుతూ, ఆగేదాకా.

వచ్చిన పైసలు ముందే కాగితం మీద రాసుకున్న వాటాల ప్రకారం పంచుకోవాలి. డోలు కొట్టినాయనకు ఆనాటి కూలితో సరిపెట్టి పంపిస్తే కుదరదు. డీజే వెర్షన్ ఎవరైనా చేసుకుంటామంటే అందులోనూ వాటా అడగాలి. బజ్‌కాక్స్ వాళ్లు 1977లో చేసినట్టు, ఏ పాట ఎన్నో టేక్‌లో కుదిరిందో అట్ట వెనక వేయాలి. దాని పక్కన ప్రతి మనిషి పేరు, ఊరు, పట్టుకున్న వాద్యం. చిర్ర ఎవరిది, అందుకున్న గొంతులెవరివి, వండిపెట్టిందెవరు. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు కూడా అదే జాబితా, అదే వరుసలో. జాగా చాలకపోతే అక్షరాలు చిన్నవి చేయండి, పేర్లు మాత్రం తగ్గించొద్దు.